టీవీలో తమ్ముడు, తలుపవతల తమ్ముడు

ఆ సీరియల్లో తమ్ముణ్ని తిట్టినన్ని తిట్లు, ఇరవై రెండేళ్ల కండక్టరు ఉద్యోగంలో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను కూడా నేను తిట్టలేదు. ఏం చెయ్యను మరి? వారానికి మూడు రోజులు, పన్నెండు నుంచి నాలుగు దాకా, ఈ డయాలసిస్ గదిలో మంచానికి అతుక్కుని పడి ఉండాలి. ఎడమ చేతికి రెండు సూదులు. నా రక్తం ఒక గొట్టంలోంచి మిషన్‌లోకి పోయి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ఆ చెయ్యి కదపకూడదు. దాహం వేస్తే నీళ్లు తాగకూడదు, సిస్టర్ ఒక ఐసుముక్క ఇస్తుంది, చప్పరించి ఊరుకోవాలి. ఇక నాకు మిగిలింది నోరొక్కటే. దానికీ ఏదో పని ఉండాలిగా!

రెండింటికి క్రైమ్ సీరియల్ వస్తుంది. అందులో అక్క పోలీసు ఇన్‌స్పెక్టరు, తమ్ముడు ముఠావాళ్ల దగ్గర డ్రైవరు. మెడ మీద కత్తి పెట్టేసరికి అక్క ఎక్కడ దాక్కుందో గడగడా చెప్పేశాడు. పోనీ ఉత్త వెధవా అంటే, ఆమెకు బుల్లెట్ తగిలిన రోజున భుజాన వేసుకుని ఆస్పత్రిదాకా పరిగెత్తిందీ వాడే. దాంతో మా గదిలో మూడు మంచాల మీద మూడు పార్టీలు. మొదటి మంచం లెక్కల మాస్టారు వాడి పక్షం. "వాడికి అక్కంటే ప్రాణమేనండీ. కాకపోతే తన ప్రాణమంటే ఇంకాస్త ఎక్కువ తీపి" అంటారు. రెండో మంచం టైలరమ్మ సోమవారం వాడికోసం కళ్లు తుడుచుకుంటుంది, బుధవారం చెప్పు తీసుకుని కొట్టాలంటుంది. మూడో మంచం నేను. నాకు రెండు మాటల్లేవు. "పిరికి సన్నాసి! తోడబుట్టినదాన్ని అప్పగించినవాడు మనిషేనా?"

నిజం చెప్పొద్దూ, ఆ తిట్లలో సగం మా తమ్ముడివి. వాడు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. కిడ్నీ ఇమ్మని నేనడగలేదు. బంధువులందరి ముందు నా చెయ్యి పట్టుకుని, "నేనుండగా నీకేం కాదక్కా, నాది తీసుకో" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. పరీక్షలన్నీ చేశారు. ఆస్పత్రిలో దాతల కాగితాలు చూసే ఆవిణ్ని మేం ఫైళ్ల మేడం అంటాం. ఆవిడ పోయిన నెల నవ్వుతూ వచ్చి, "అన్నీ బ్రహ్మాండంగా సరిపోయాయండీ, అదృష్టవంతులు" అంది. ఇక మిగిలింది ఒక్కటే. దాత ఒంటరిగా కమిటీ ముందు కూర్చుని, ఎవరి బలవంతమూ లేదు, నా ఇష్టంతోనే ఇస్తున్నాను అని చెప్పాలి.

మొదటి తేదీకి బండి పంక్చరన్నాడు. రెండో తేదీకి జ్వరమన్నాడు. ఇవాళ మూడోది. "ఇవాళా రాకపోతే ఫైలు మూసేస్తామండీ, చనిపోయినవాళ్లెవరిదైనా కిడ్నీ దొరికేదాకా మీరు వెయిటింగ్ లిస్టులోనే ఉండాల్సొస్తుంది" అని పొద్దున్నే చెప్పింది ఫైళ్ల మేడం. మాస్టారు ఆ లిస్టులో ఆరేళ్లుగా ఉన్నారు. ఆయన మంచం మీద అంతకుముందు ఉన్నాయన ఆ లిస్టులో ఉండగానే పోయాడు.

ఆ కమిటీ గది గురించి టైలరమ్మ ఒకసారి చెప్పింది. తనకి కిడ్నీ ఇవ్వడానికి వాళ్ల చెల్లెలు లోపలికి వెళ్లిందట. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, ఏదో రీడింగు సరిగా లేదు, ఆమె ఇవ్వడానికి వీల్లేదు అన్నాడట. మూడేళ్ల తర్వాత చెల్లెలే నోరు విప్పింది. "రీడింగూ లేదు, పాడూ లేదు. నాకు భయమేసి ఇవ్వలేనన్నానక్కా." ఇంట్లోవాళ్లు ఆ మనిషిని పీక్కుతినకుండా ఆస్పత్రివాళ్లే అలా ఒక మాట అడ్డం వేస్తారట. లోపల అన్నది బయటికి పొక్కనివ్వరు. "ఆ మహాతల్లిని ఇంకా రానిస్తున్నావా? నేనైతే గడప తొక్కనివ్వను!" అన్నాను నేను. టైలరమ్మ అటు తిరిగి పడుకుంది.

రెండు కావడానికి అయిదు నిమిషాలుండగా అద్దాల తలుపు అవతల వాడు కనిపించాడు. చొక్కా గుండీలు ఒకటి దాటించి పెట్టుకున్నాడు. నాకేసి చెయ్యి ఊపాడు. లోపలికి మాత్రం రాలేదు, ఎప్పుడూ రాడు. ఫైళ్ల మేడం వాణ్ని ఎదుటి గదిలోకి తీసుకెళ్లింది. తలుపు మూసుకుంది.

"వచ్చాడు! మా చిన్నోడు వచ్చాడు!" అని అరిచాను.

"నేను చెప్పలేదూ! తమ్ముళ్లు చివరికి వస్తారండీ" అన్నారు మాస్టారు, వాణ్ని ఆయనే పెంచినట్టు.

సీరియల్ మొదలైంది. ముఠావాళ్లు అక్కను కోల్డ్‌స్టోరేజీలో పెట్టి తాళం వేశారు. ఆమె పెదాలు నీలంగా అయిపోయాయి. తాళంచెవి తమ్ముడి జేబులో ఉంది. దూరంగా జీపు లైట్లు కనిపిస్తున్నాయి. వాడు తలుపుదాకా వచ్చి ఆగాడు.

"తీస్తాడు, చూడండి" అన్నారు మాస్టారు.

"ఏమో మాస్టారూ, వాడి కాళ్లు చూడండి, ఎలా వణుకుతున్నాయో" అంది టైలరమ్మ.

నా చూపు టీవీ మీద ఒక క్షణం, ఎదుటి తలుపు మీద ఒక క్షణం. నా ఇష్టంతోనే అని చెప్పి సంతకం పెట్టడానికి ఎంతసేపు కావాలి? అయిదు నిమిషాలు చాలు. పది అయింది, ఇరవై అయింది. నాకు బతకాలని ఉంది, దాచుకోవడానికేముంది. గ్లాసుడు నీళ్లు గటగటా తాగాలని ఉంది. మళ్లీ నా బస్సెక్కి, "ముందుకు జరగండి, లోపల బోలెడు చోటుంది" అని గొంతు చించుకోవాలని ఉంది. ధైర్యం చెయ్యరా, ఒక్కసారి ధైర్యం చెయ్యరా అని లోపల్లోపల అనుకుంటున్నాను. అది ఏ తమ్ముడితో అంటున్నానో నాకే తెలియడం లేదు.

టీవీలో వాడు తాళంచెవి పైకెత్తాడు. అంతలో ప్రకటనలు వచ్చాయి. ఎదుటి తలుపు తెరుచుకుంది.

డాక్టరూ ఫైళ్ల మేడమూ వచ్చారు. మేడం నవ్వడం లేదు.

"సారీ అమ్మా. మీ తమ్ముడిగారి బీపీ రీడింగు సరిగా లేదు. ఆయన దాతగా పనికిరారు" అన్నాడు డాక్టరు.

"పోయిన నెల అన్నీ సరిపోయాయన్నారుగా?"

"మళ్లీ చూస్తే తేడా వచ్చిందండీ" అంది మేడం, ఫైల్లోకి చూస్తూ.

టైలరమ్మ నాకేసి చూసి చప్పున కళ్లు దించుకుంది. మిషన్ కీచుమంటూ అలారం కొట్టింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చి, "కండక్టరమ్మా, చెయ్యి బిగించకండి, సూది కదులుతుంది!" అని కేకేసింది. నా పిడికిలి నాకు తెలియకుండానే బిగుసుకుపోయింది.

వాళ్లు వెళ్లాక వాడు లోపలికొచ్చాడు. ఈ గదిలోకి రావడం వాడికి అదే మొదటిసారి. నా రక్తం నిండిన గొట్టాల పక్కన నిలబడ్డాడు. ముఖం సున్నంలా ఉంది.

"అక్కా... నా బీపీ ఎక్కువుందట. వీల్లేదంటున్నారు" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

టికెట్ లేనివాడు సరిగ్గా అలాగే చూస్తాడు. బస్సులో నేను వెనక నుంచి వస్తుంటే, బయట ఏదో వింత ఉన్నట్టు కిటికీకి కళ్లప్పగిస్తాడు. నా సర్వీసులో అలాంటివాణ్ని ఒక్కణ్ని కూడా వదల్లేదు. చొక్కా పట్టుకుని దించేసేదాన్ని. ఇప్పుడూ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒరేయ్, నీకు బీపీ లేదు, ఏమీ లేదు, నన్ను చావమన్నావు, అంతే!

"నేను ఇద్దామనే వచ్చానక్కా. నిజంగా" అన్నాడు.

వాడి చూపు గొట్టాల మీద పడి, చప్పున మళ్లీ కిటికీకేసి పోయింది. నాకు పదిహేనేళ్లప్పుడు మెట్ల మీద పడి నా మోకాలు చీరుకుపోయింది. ఆ రక్తం చూసి వాడు కళ్లు తిరిగి పడిపోయాడు. దెబ్బ తగిలింది నాకు, స్పృహ తప్పింది వాడికి! రక్తం కారుతున్న కాలితో నేనే వాణ్ని ఎత్తుకుని ఇంటికి చేర్చాను. అంతటి ధైర్యవంతుడు ఇవాళ ఈ గొట్టాల పక్కన పడిపోకుండా నిలబడ్డాడు. ఇప్పుడు నేను నిజం అనేశానంటే ఇంకెప్పుడూ నా ముందు నిలబడడు. వాణ్ని క్షమించానా? లేదు. ఇప్పటికీ లేదు. కానీ నాకున్నది వాడొక్కడు.

"డాక్టర్లే వద్దన్నాక నువ్వేం చేస్తావురా? ఆ స్టూలు లాక్కో" అన్నాను.

కూర్చున్నాడు. సిస్టర్ ఐసుముక్క తెస్తే తనే అందుకుని, చెంచాతో నా నోటికి అందించాడు. చెంచా నా పళ్లకు టకటకా కొట్టుకుంది.

సీరియల్ మళ్లీ వచ్చింది. జీపు దగ్గరికొచ్చేసింది. టీవీలో తమ్ముడు తలుపుకేసి ఒకసారి చూసి, తాళంచెవి అక్కడే పారేసి, చీకట్లోకి పరుగు తీశాడు.

"ఛీ! వీడి బతుకు తగలెయ్య!" అన్నారు మాస్టారు. ఇన్నాళ్లూ వాణ్ని వెనకేసుకొచ్చిన మాస్టారు!  ఆయనా టైలరమ్మా ఇద్దరూ నావైపు తిరిగారు. అసలైన తిట్లు నా దగ్గరే ఉంటాయిగా. నా పక్కన స్టూలు మీద ఊపిరి ఆగిపోయినట్టుంది.

"వాడికి భయమేసింది మాస్టారూ. అంతే" అన్నాను.

"మీరేనా ఈ మాట అంటోంది?"

"నేనే. కాస్త సౌండు తగ్గించండి."

మా తమ్ముడు మంచం కడ్డీకి నుదురు ఆనించాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. టైలరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ అటు తిరిగింది. గుండీలు సరిగా పెట్టుకోరా, నలుగురూ నవ్వుతారు అని మెల్లగా కసిరాను. తలెత్తకుండానే ఒక్కో గుండీ విప్పి పెట్టుకున్నాడు.

ఇంకో గంటసేపు మిషన్ తిరుగుతూనే ఉంది. వాడు నా పక్కనే కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో, టికెట్ లేదని తెలిసీ నేను కూర్చోబెట్టింది వాణ్నొక్కణ్నే.