ఎర్ర రిబ్బను లేని గుట్ట

మా వీధి వెనక గుట్టను పార్కు చేస్తారట, నడకదారులు ఎటు వేయాలో మమ్మల్నే చెప్పమన్నారు. పార్కుల ఆఫీసరమ్మ శనివారం అందరినీ గుట్టెక్కించి, తలా రెండు కట్టల రిబ్బన్లు ఇచ్చింది. నడవాలనిపించిన చోట పచ్చది కట్టాలి, భయం వేసిన చోట ఎర్రది. వాటిని బట్టే దారి గీస్తానంది.

పాత రాళ్ళ క్వారీ దగ్గర నా గుండె ఝల్లుమంది. అంచు దాకా పొదలే, ఆ తర్వాత నేల లేదు. ఎక్కడో అడుగున నల్లటి నీళ్ళు. ఎర్ర రిబ్బను తీశానో లేదో, మామగారు అందరికీ వినపడేలా నవ్వారు.

"మా కోడలు తన నీడను చూసినా జడుసుకుంటుంది. కట్టమ్మా కట్టు, పిరికి పార్టీకి నువ్వే అధ్యక్షురాలివి!"

వీధంతా పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయి రిబ్బన్లు సంచిలో కుక్కేశాను. ఇక ఎర్రది కట్టే మొనగాడెవడు? మా వీధి టైలరు అక్కడే పచ్చది కట్టాడు. మిగతా మగాళ్ళూ పోటీపడి కట్టారు. దిగొచ్చేసరికి గుట్ట మొత్తం మీద ఒక్క ఎర్ర రిబ్బనూ లేదు. ఆదివారం సాయంత్రం మీటింగులో దారి ఖాయం చేస్తానని ఆఫీసరమ్మ చెప్పింది.

ఆదివారం లేచేసరికి దట్టంగా పొగమంచు. పాప పక్క ఖాళీగా ఉంది, మామగారూ లేరు. మా ఆయన డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. రోజూలాగే తాతా మనవరాలూ పాలషాపుకు వెళ్ళుంటారనుకుని వెళ్ళి అడిగాను.

"ఇద్దరూ గుట్ట వైపు వెళ్ళారమ్మా," అన్నాడు షాపతను.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఐదేళ్ళ పిల్ల! ఈ మంచులోనా? చెప్పు తెగితే అక్కడే వదిలేసి పరుగెత్తాను. "బుజ్జీ" అని అరుస్తూ గుట్టెక్కాను. ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతున్నంతసేపే కాళ్ళు కదిలాయి.

చేతికి ఏదో తగిలింది. పొదకు ఎర్ర రిబ్బను. నిన్న ఎవరూ కట్టలేదే! కాస్త అవతల ఇంకొకటి. ఆ ముడి నాకు తెలుసు. మామగారు చెత్తసంచికి వేసే మూడు చుట్ల ముడి.

"అమ్మా!"

మంచులో ముందు పాప గౌను కనిపించింది. మామగారు క్వారీ అంచున వెల్లకిలా పడి, ఒక చేత్తో పొద మొదలు, ఇంకో చేత్తో పిల్లను పట్టుకుని ఉన్నారు.

"పరుగెత్తకమ్మా. నా కాళ్ళ కింద ఏమీ లేదు. ముందు దీన్ని లాగెయ్."

బోర్లా పడుకుని పాకాను. గౌను దొరకబుచ్చుకుని పిల్లను వెనక్కి లాగాను. తర్వాత ఆయన చంకల కింద చేతులు వేసి, బండరాయికి కాళ్ళు తన్నిపెట్టి లాగాను. ముగ్గురం గడ్డిలో కూలబడ్డాం.

"పసిదాన్ని ఇక్కడికెందుకు తెచ్చారండీ?"

"నిన్న నీకంటే ముందు నాకే భయమేసిందమ్మా. నవ్వేస్తే పోతుందనుకున్నా. పోలేదు. ఎవరూ చూడకుండా కట్టొద్దామని, నా ఎర్రవి నిన్నే తిరిగిచ్చేశా కాబట్టి నీ సంచిలోవి తీసుకున్నా. ఒక్కణ్ణే రావడానికి ధైర్యం చాలక దీన్ని తోడు తెచ్చుకున్నా." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "ఎవరికీ చెప్పకు, తల్లీ."

సరేనని మాటిచ్చి, పాపను చంకనెత్తుకున్నాను.

సాయంత్రం మీటింగులో ఆఫీసరమ్మ పటం మీద క్వారీ అంచునే వేలితో గీసింది. "ఎక్కువ పచ్చ రిబ్బన్లు ఇక్కడే ఉన్నాయి. మధ్యాహ్నం వెళ్తే ఎర్రవి కొన్ని కనిపించాయి. నిన్న లేవు కాబట్టి ఆకతాయిల పని అనుకుంటున్నాను. ఎవరైనా మావే అంటే సరే. లేకపోతే దారి ఇటే."

అదే దారిన రేపు నా పిల్ల పరుగెత్తుతుంది. మామగారు నేల చూపులు చూస్తున్నారు. ఇక మాటా లేదు, మర్యాదా లేదు, చెప్పేద్దామని లేవబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, తానే లేచారు.

"నావేనమ్మా. నేనే కట్టాను. నాకక్కడ భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది."

నవ్వుతారని ఒళ్ళు బిగబట్టుకున్నాను. వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. టైలరు లేచాడు.

"నా పచ్చది తీసేయండి మేడమ్. అది కట్టేటప్పుడు నాకూ కాళ్ళు వణికాయి."

మామగారు కూర్చున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.