మా లోహిత మూడో చెవి

శుక్రవారం సాయంత్రం మా లోహిత మూడో చెవితో ఇంటికి వస్తుంది.

చెవి ఎడమ భుజం మీద ఉంది, చున్నీ అంచు తగిలే చోట. చిన్నది, లేతది. నేను ముందు చూసేది అది కారుతోందా అని. కారడం లేదు. చీమ దూరితే ఎలా, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గాలి కొట్టి పోటు వస్తే ఎలా అని తర్వాత ఆలోచిస్తాను. వెల్లుల్లి రెబ్బ వేసి నూనె కాస్తాను.

"ఎవరిచ్చారే ఇది?"

"కమలిని మేడం."

"నోరు తెరిచి అడిగావా?"

"తనే అడిగారమ్మా, ఏం కావాలని."

లోహిత పెద్దాసుపత్రిలో వాలంటీరు. ఎవరూ లేని రోగుల పక్కన కూర్చుంటుంది, అన్నం తినిపిస్తుంది, చెప్పింది వింటుంది. జీతం లేదు, టీ ఇస్తారు. కమలిని మేడం ఈ పిల్లలందరికీ పెద్ద. ప్రతి శుక్రవారం మెట్ల కింద బల్ల మీద కూర్చుని ఒక్కొక్కరినీ పిలుస్తుంది. అందరినీ అడిగేది మూడే ప్రశ్నలు. ఈ వారం ఏం చేశావు? ఏం చేయలేకపోయావు? నీకేం కావాలి? ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. ఒకరికి ఇచ్చింది ఇంకొకరికి ఇవ్వదు. సిగ్గెక్కువ ఉన్న పిల్లకి రెండో గొంతు ఇచ్చిందట. తొందరెక్కువ ఉన్న అబ్బాయికి బరువైన మోకాళ్ళు ఇచ్చిందట.

పదకొండో మంచం మీద ముసలమ్మ మరీ సన్నగా మాట్లాడుతుంది, రెండు చెవులూ చాలడం లేదు అని మా పిల్ల చెప్పింది. అందుకని ఇది.

నేను తొమ్మిది నెలలు మోసి రెండు చెవులిచ్చాను. ఆవిడ అరగంటలో ఒకటిచ్చింది. నిజం చెప్పాలంటే నేనిచ్చినవాటికంటే అదే బాగుంది.

పక్కింటి అప్పలకొండ గోడ మీంచి తొంగి చూస్తుంది.

"వదినా, ఆ చెవి మీ వైపుదీ కాదు, అన్నయ్య వైపుదీ కాదు. అచ్చం ఆ మేడం పోలికే."

"నీ దిష్టి తగలకుండా ఉంటే అదే చాలు," అంటాను. ఉప్పు, మిరపకాయలు తీసుకొచ్చి చెవికి విడిగా దిష్టి తీస్తాను.

రెండో శుక్రవారం లోహిత కుడిచేతికి ఇంకో మోచెయ్యి వస్తుంది. గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళకి కూడా ముద్ద అందించడానికట. ఇంట్లో పీట ఎక్కకుండా అటక మీద ఆవకాయ జాడీ దించుతుంది. జాడీ జారి కాలి మీద పడుతుందని నేను కళ్ళు మూసుకుంటాను. పడదు. నాకు అదీ నచ్చదు.

గురువారం అన్నం దగ్గర నేనూ అడిగి చూస్తాను.

"ఈ వారం ఏం చేశావే?"

"మామూలే."

"ఏం చేయలేకపోయావు?"

"ఏం లేదమ్మా."

ఆ మాట తెల్లటి బొత్తాంలా కంచంలో పడుతుంది. నేను తీసి కడిగి డబ్బాలో వేస్తాను. డబ్బా ఇప్పటికే నిండిపోయింది.

"మరి ఆవిడకైతే చెబుతావు."

"అది శుక్రవారం మాటమ్మా. ఇవాళ గురువారం కదా."

మా ఇంట్లో శుక్రవారం రాదా? క్యాలెండరు చూస్తాను. గురువారం పక్కన శనివారం ఉంది.

మూడో శుక్రవారం మాత్రం పిల్ల తనంతట తనే ఒక సంగతి చెబుతుంది. పదకొండో మంచం ముసలమ్మ ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఊరి పేరు మర్చిపోయింది గాని దారి గుర్తుంది. రోజుకో మలుపు చెబుతుంది. చెప్పిన మలుపు తన బుర్రలోంచి చెరిగిపోతుంది. అందుకని ఎవరో ఒకరు వెంటనే వినాలి. లోహిత దగ్గర ఇప్పటికి పంతొమ్మిది మలుపులున్నాయి. చింతపల్లి కొండలు దాటాక చెరుకు బండ్ల దారిదాకా వచ్చింది. రేపు చెప్పేది ఆఖరి మలుపు.

"చెప్పాక?"

"నేనే తీసుకెళ్ళి దింపాలి. అక్కడ ఆవిడ కుదురుకునేదాకా ఉండాలి. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వాలంటీర్లకి నేనే మేడంని. నేను అంతవరకూ ఎదిగానని రాశారమ్మా."

ఘాటురోడ్డు. బస్సు బ్రేకులు. కొండ జ్వరం. కట్లపాము. ఇవన్నీ నా కళ్ళముందు వరసగా వచ్చి కూర్చుంటాయి. వాటి వెనక, కుర్చీ వేసుకుని, కమలిని మేడం.

"ఇంట్లోవాళ్ళు ఒక కాగితం నింపాలి," అంటుంది లోహిత. నాకిచ్చి స్నానానికి వెళుతుంది.

నేను ఏడో తరగతి వరకే చదివాను. కూడబలుక్కుని చదువుతాను. పిల్లకి ఇచ్చినవి ఇంట్లోవాళ్ళకి సమ్మతమేనా అని ఉంది. పక్కన రెండు గళ్ళు. ఉంచండి. వెనక్కి తీసుకోండి.

మోచెయ్యి దగ్గర ఉంచండి అని టిక్కు పెడతాను. జాడీ దించాలి కదా. చెవి దగ్గర పెన్ను కాసేపు నిలుస్తుంది. తర్వాత రెండో గడిలో దానంతటదే దిగుతుంది. చెయ్యి మాత్రం నాదే. పెన్సిలుతో అయినా పెట్టాల్సింది. పెన్నుతో పెడతాను.

శనివారం పొద్దున్న లోహిత భుజం నున్నగా ఉంటుంది. తల పక్కలు కూడా నున్నగా ఉంటాయి. చిన్న చెవి వెళుతుంటే పెద్ద చెవులు రెండూ దాని వెనకే వెళ్ళిపోయాయి, చెల్లిని ఒక్కదాన్నే పంపలేక అక్కలు వెళ్ళినట్టు.

"లోహితా!" అని అరుస్తాను. పిల్ల జడ వేసుకుంటూ అద్దంలో నా పెదాలు చూస్తుంది.

"కాఫీ వద్దమ్మా, టైమైంది," అంటుంది. నేను కాఫీ మాట ఎత్తలేదు.

రోడ్డు దాటేటప్పుడు హారను ఎలా వినబడుతుంది దానికి? నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తుతాను. ప్రతి లారీకీ చెయ్యి అడ్డం పెడతాను. లారీలు ఆగుతాయి. ఒక డ్రైవరు కిందికి దిగి నాకు దణ్ణం పెడతాడు.

వార్డులో పదకొండో మంచం మీద ముసలమ్మ కూర్చుని ఉంది. ఆఖరి మలుపు నోట్లో పెట్టుకుని ఉంది. పుక్కిలించడానికి నీళ్ళు పట్టుకున్నట్టు రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. వినేవాళ్ళ కోసం చూస్తోంది. లోహిత ఆవిడ గొంతు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఏమైనా తగులుతుందేమో అని ఎదురుచూస్తోంది. ముసలమ్మ కళ్ళు నా వైపు తిరుగుతాయి. కాగితం మీద టిక్కు ఎవరు పెట్టారో ఆ కళ్ళకి తెలుసు.

నేను మెట్ల కిందికి, కర్టెను వెనక్కి వెళతాను.

కమలిని మేడంని నేను చూడడం ఇదే మొదలు. పొడుగ్గా, తెల్లగా, నవ్వుతూ ఉంటుందని అనుకున్నాను. బల్ల మీద కూర్చుంటే పాదాలు నేలకి అందడం లేదు. జుట్టు ఎడమవైపుకి దువ్వుకుంది. ఆ జుట్టు కింద చెవి లేదు. కుడిచెయ్యి అప్పడాల కర్రలా నిటారుగా ఉంది, మధ్యలో ఎక్కడా వంగదు. పెన్ను పళ్ళతో పట్టుకుని రాస్తోంది.

ఈవిడనా నేను ఇన్ని వారాలు తిట్టుకున్నది? తిట్టుకున్నందుకు సిగ్గు వేస్తుంది. నా పిల్లకి ఇవ్వడానికి ఈవిడ దగ్గర ఇంత ఉందే అని మళ్ళీ కడుపు మండుతుంది.

"ఆ టిక్కు కొట్టెయ్యండి మేడం."

ఆవిడ పెన్ను తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. "వెనక్కి తీసుకున్నది నాకూ తిరిగి రాదమ్మా. మళ్ళీ ఇచ్చేది శుక్రవారమే. ఇవాళ శనివారం."

"శుక్రవారందాకా ఆ ముసలమ్మ నోరు మూసుకుని ఉండగలదా?"

"ఉండలేదు. పదినిమిషాలు ఉంటుందేమో."

"మరి ఎలాగ?"

"మీరు వాలంటీరుగా కూర్చుంటే మీకు కొత్త పేజీ తెరుస్తాను. కొత్త పేజీ ఏ రోజు తెరిచినా అందులో శుక్రవారమే."

నేను కూర్చుంటాను. ఆవిడ నా పేరు రాస్తుంది. గుండ్రటి అక్షరాలు. నా పేరు ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

"వరహాలమ్మ గారూ, ఈ వారం ఏం చేశారు?"

"వండాను. భయపడ్డాను."

"దేనికి?"

"రాసుకోవడానికి మీ పేజీ చాలదు."

"ఏం చేయలేకపోయారు?"

మామూలే అనాలని నోరు తెరుస్తాను. రాదు. వేరేది వస్తుంది. "నాకు చెప్పని మాట ఆ పిల్ల మీకు చెబుతుంటే ఓర్చుకోలేకపోయాను. ఆ చెవి మీరిచ్చారని దానికి నూనె సరిగ్గా రాయలేదు. పైపైన రాశాను."

ఆవిడ తప్పు పట్టదు. రాసుకుంటుంది అంతే. మా పిల్ల ఎందుకు వచ్చి ఈవిడ ముందు కూర్చుంటుందో తెలుస్తుంది. తెలిసినకొద్దీ ఇంకా మండుతుంది.

"మీకేం కావాలి?"

నలభై ఆరేళ్ళలో ఈ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. అడిగింది ఈవిడే కావాలా?

"మీరు లేకుండా ఉండాలి," అంటాను. అనేశాక నాలుక కరుచుకుంటాను. "కాదు, నా పిల్లకి చెవులు కావాలి."

"రెండూ రాశాను. రెండూ ఒకే పనితో అవుతాయి." ఆవిడ మిగిలిన చెవి మీద చెయ్యి వేస్తుంది. "ఒకటి ఇక్కడుంది. మిగతా రెండింటికి నా ఎత్తు సరిపోతుంది."

"ఆగండి మేడం! ఈసారి నేనిస్తాను. నావి రెండున్నాయి."

"మీ వంతు అయిపోయిందమ్మా, కాన్పులోనే."

"కన్నదాన్ని నేనుండగా మీరెవరు ఇవ్వడానికి?"

"నేను సూపర్‌వైజర్ని."

పేరంటంలో చివరి వడ నువ్వు తినంటే నువ్వు తినమని తోసుకున్నట్టు కాసేపు తోసుకుంటాం. ఆవిడ చెయ్యి వంగదు, నేను వదలను. తోసుకుంటూ ఉండగానే ఆవిడ ఇచ్చేసింది. పైన వార్డులో ముసలమ్మ చెప్పేసే ఉంటుంది, నాకు వినిపించదు. మా లోహిత మాత్రం "విన్నానమ్మమ్మా, విన్నాను!" అని కేక పెడుతుంది.

నన్నెప్పుడూ అంత సంతోషంగా పిలవలేదు అది.

బల్ల మీద చూస్తే చీర కుప్పగా ఉంది. కుప్ప మధ్యలో కమలిని మేడం ఉంది. జానెడు కూడా లేదు. కళ్ళు తెరవడానికి కష్టపడుతోంది. మెడ వెనక చర్మం వదులుగా ఉంది. లేకుండా ఉండాలి అని నేనడిగింది ఇంకా పూర్తికాలేదు, అవుతూ ఉంది.

బయట వాలంటీర్లు వరసలో నిలబడ్డారు. కొత్త పేజీ తెరుచుకుందని తెలిసి వచ్చారు, అందరికీ ఏదో ఒకటి కావాలి. ఒకమ్మాయి కర్టెను పక్కకి లాగబోతుంది. ఎవరైనా ఇంకొక్కటి అడిగితే ఈవిడ ఇచ్చేస్తుంది. నాకు తెలుసు, అడిగితే ఆగదు.

చేతుల్లో పెట్టుకుంటే కనబడుతుంది. కొంగులో చుడితే ఊపిరాడదు. నేను వంగి ఆవిడ మెడ వెనక చర్మాన్ని పళ్ళ మధ్య పట్టుకుంటాను, నొక్కకుండా. ఆవిడ కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉంటుంది. నేను రెండు చేతులూ నేలకి ఆనించి కర్టెను కింద నుంచి బయటికి పోతాను.

పిల్లలు పుడితే పిల్లి ఏడిళ్ళు మారుస్తుంది. ఆసుపత్రి గోడ ఎక్కుతాను. గోడ మీంచి పెంకుల మీదకి దూకుతాను. ఈ వయసులో దూకితే కాలు విరుగుతుందని అనుకుంటూనే దూకుతాను. మొదటి ఇంట్లో కుక్క ఉంది. రెండో ఇంట్లో జనం మంచివాళ్ళే, ఏం కావాలి అని అడుగుతారు, అందుకని అక్కడ పెట్టను.

కింద రోడ్డు మీద బస్సు వెళుతోంది. కిటికీ పక్కన లోహిత ఉంది, మూడు చెవులకీ గాలి కొడుతోంది. పక్కన ముసలమ్మ. పిల్ల తల పైకెత్తి పెంకుల వైపు చూస్తుంది. "అమ్మా!" అంటుంది. చెవుల మీద చున్నీ కప్పుకోవే అని చెప్పాలి. చెప్పాలంటే నోరు తెరవాలి.

తెరవను. బస్సు మలుపు తిరుగుతుంది. వెనక పెంకుల మీద వాలంటీర్లు వరస తప్పకుండా, చేతులూ కాళ్ళూ ఆనించి, చప్పుడు చేయకుండా వస్తున్నారు. నా పళ్ళ మధ్య మేడం సన్నగా, వెచ్చగా గురక పెడుతోంది. ఇది మూడో ఇల్లు. ఇంకా నాలుగున్నాయి.