కింది వైపు పట్టినవాడు

మలుపు దగ్గర బీరువా ఆగింది. ఆగడమంటే దించడం కాదు. ఇద్దరు మనుషుల నడుమ, ఏ మెట్టుకూ ఆనకుండా, ఊపిరి బిగబట్టి నిలవడం. అతను కింది వైపున ఉన్నాడు. ఇనుప అంచు భుజం మీది తువ్వాలు మడతను నొక్కి, దాని అడుగున ఏనాడో కాయలు కాసిన చర్మాన్ని నొక్కి, చెవిలో తన రక్తపు చప్పుడు తనకే వినిపించేలా చేసింది.

"కొంచెం ఎడమకి," అన్నాడు.

పైనున్న పొడుగాయన జరిగాడు. బీరువా గోడను గీరింది.

"నీ ఎడమ కాదు స్వామీ, నా ఎడమ!"

"ఇద్దరికీ ఒకటే ఎడమ ఉంటే ఈ పని ఎప్పుడో బాగుపడేది," అన్నాడు పొడుగాయన, ఏమాత్రం ఆయాసం లేకుండా.

ఇళ్ళ సామాను మార్చేవాళ్ళ పనిలో ఎవరూ రాయని నియమం ఒకటుంది. కిందివాడు చెబుతాడు, పైవాడు వింటాడు. బరువు కిందికే వాలుతుంది గనుక మాట కూడా అక్కణ్ణుంచే రావాలి. ఇన్నేళ్ళూ అతను పైవాడు. కింది వైపున బావ ఉండేవాడు. బావంటే అక్క మొగుడు, పని నేర్పిన గురువు, "మీ అక్కను చేసుకున్ననాడే నా నొసట కింది వైపని రాసేశారు" అన్న ఒక్క హాస్యాన్ని ఊళ్ళోని మెట్లన్నిటి మీదా అరగదీసినవాడు. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక బావ వారంలో సగం సాయంత్రాలు ఆసుపత్రిలో యంత్రానికి ఒళ్ళప్పగిస్తున్నాడు. మిగతా పొద్దంతా వ్యాను దగ్గర సామానుకు కాపలా.

అక్కకు చక్కెర జబ్బు. ఆమె కిడ్నీ పనికిరాదన్నారు. అతనిది సరిపోయింది. ఆ కబురు తెలియగానే అక్క ఏడ్చింది, తమ్ముడి తల నిమిరింది, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. ఇస్తావా అని అడగడం మాత్రం అందరూ మరిచిపోయారు. సరిపోవడమే ఇవ్వడమనుకున్నారు.

అడిగింది ఒక్కరే, ఆసుపత్రిలో కళ్ళద్దాల ఆవిడ. మిగతావాళ్ళను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి మరీ అడిగింది. "మీకు ఇష్టం లేకపోతే మాతో చెప్పండి చాలు. ఈయన ఇవ్వడానికి కుదరదు అని మాత్రమే మీవాళ్ళకు చెబుతాం. ఎందుకన్నది చెప్పం. రెండు రోజుల్లో వచ్చి ఏదో ఒకటి చెప్పండి."

ఆ గడువు రేపటితో తీరుతుంది. రేపటికి ముందు ఈ ఇల్లు ఖాళీ చేయాలి. ఉదయం భార్య చొక్కా అందిస్తూ అతని నడుము పక్కన ఒక్క క్షణం అరచెయ్యి ఆనించి తీసేసింది. కోత మానేదాకా బరువెత్తకూడదు, ఎత్తనివాడికి ఇక్కడ పని లేదు, కూతురు చిన్నది. కారణాలు తవ్వినకొద్దీ ఊరాయి. అన్నిటి అడుగునా మాత్రం ఒక్కటే ఉంది. భయం. ఆరోగ్యంగా ఉన్న తన ఒంటిని తానే వెళ్ళి ఆపరేషన్ బల్ల మీద పెట్టడమంటే భయం. దానికి ఆ కళ్ళద్దాల ఆవిడ ఎవరికీ కనపడని తలుపొకటి చూపించింది. కుదరదట. అంతే. ఎవరికీ తెలియదు.

బీరువా మళ్ళీ కదిలింది. రెండో అంతస్తు దాటేసరికి అతని భుజానికి ఒక సంగతి తెలిసింది. కళ్ళకు అంతా సవ్యంగానే ఉంది. పొడుగాయన చేతులు అంచు మీదే ఉన్నాయి, మొహం కష్టపడుతున్నట్టే ఉంది. కానీ ఆయన మోయడం లేదు. ఆనించాడు, అంతే.

కాలిబాట మీద, ఇంటివాళ్ళు అక్కర్లేదని వదిలేసిన కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. చీలమండలు వాచి చెప్పుల పట్టీలు లోపలికి దిగాయి. ఒళ్ళో చిన్న నీళ్ళ సీసా. డాక్టర్లు చెప్పిన లెక్కన రోజుకింతని కొలిచి పోసుకున్న నీళ్ళు. దాహమేస్తే గుక్క కాదు, నాలుక తడుపుకోవడం.

"ఏరా, బీరువాను నువ్వు దించావా, నిన్నది దించిందా?"

"పొడుగాయన దొంగపట్టు పడుతున్నాడు బావా."

"నీకెట్లా తెలిసింది?"

"భుజానికి తెలీదా?"

బావ పెద్దగా నవ్వాడు. "ఇన్నాళ్ళకి బళ్ళో చేరావన్నమాట."

అతను బావ వైపు తిరిగాడు. "నేనూ పట్టేవాణ్ణా?"

"పట్టకేం? నీకు కూతురు పుట్టిన కొత్తలో కునుకుతూ ఊరికే చేతులానించి నడిచావు. మీ ఆవిడతో పోట్లాడి వచ్చిన రోజుల్లో అంతే. ఆ పెద్ద ఫ్రిజ్జు దించిన నాడైతే, అసలు పైన బావమరిది ఉన్నాడా, ఇంటికెళ్ళాడా అని తలెత్తి చూశాను."

"మరి అప్పుడెందుకు అనలేదు?"

"మెట్ల మధ్యలో తగువు పెట్టుకుంటామా? దిగింది కదా."

అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకున్నాడు. కుదరదట అంటే అక్క నమ్ముతుంది. ఊరు నమ్ముతుంది. ఈ మనిషి భుజం నమ్మదు. నమ్మకపోయినా ఏమీ అనడు. ఉన్నన్నాళ్ళూ ఆ అబద్ధాన్ని కూడా కింది వైపునుంచి ఒక్కడే మోస్తాడు.

"బావా, నేనివ్వలేను."

బావ సీసా మూత తిప్పడం ఆపాడు. "కుదరదన్నారా?"

"కుదురుతుందనే అన్నారు. నాకే భయం. ఎంత సర్దిచెప్పుకున్నా పోవట్లేదు."

వీధి చివర ఎవరో గొళ్ళెం వేసుకుని వెళ్ళిపోయారు.

"ఇదా మింగలేక కక్కలేక తిరుగుతున్నది? మీ ఆవిడ పుట్టింటికెళ్ళిందేమో అనుకున్నా," అని నవ్వబోయాడు బావ. నవ్వు సగంలోనే ఆరిపోయింది. "ఆశ పెట్టుకోలేదంటే అబద్ధం రా. పెట్టుకున్నాను. ఒక్కసారి చెంబెత్తి గటగటా తాగుదామనుకున్నాను."

"కోపంగా ఉందా?"

"ఉంది. తగ్గాక చెబుతాలే."

బావ సీసా మూత గట్టిగా బిగించి కుర్చీ కాలి పక్కన పెట్టాడు. తర్వాత తనే అన్నాడు. "మీ అక్కతో మాత్రం కుదరలేదట అందాం. నేనంటే నమ్ముతుంది."

అడగకముందే ఆ బరువుకూ బావ భుజం వంచాడు. ఆ వంపు అతనికి తెలుసు.

"వద్దు బావా. ఇది నేను పట్టుకుంటాను. ఇవాళే అక్కకు చెబుతాను."

"జుట్టు పట్టుకుంటుంది."

"పట్టుకోనీ."

"ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయిరా."

"పోనీ."

పొద్దు వాలింది. పరుపులు ఎక్కాయి, తాళ్ళు బిగిశాయి. బావ ఆసుపత్రికి వెళ్ళే బస్సు వీధి మలుపులో కనిపించింది. లేచేటప్పుడు ఎప్పుడూ అతని భుజం ఆసరా పట్టే బావ ఇవాళ కుర్చీ చేతులు పట్టుకుని, తనంతట తానే, మెల్లగా లేచాడు. అతను చాపిన చెయ్యి గాలిలో కాసేపుండి దిగిపోయింది. బస్సు మెట్టు మీద బావ ఒక్కసారి ఆగాడు.

"అక్క అన్నం పెడితే తిను. అలిగి రాకు."

బస్సు కదిలింది. వ్యాను తలుపు మూసి, గొళ్ళెం వేసి, అతను వెనక్కి చూశాడు. కాలిబాట మీద ఖాళీ కుర్చీ. దాని కాలి పక్కన, మూత గట్టిగా బిగించిన చిన్న సీసా. అందులో రాత్రి దాకా సరిపెట్టుకోవాలని బావ మిగుల్చుకున్న రెండు గుక్కల నీళ్ళు.