బాయికాడి ముచ్చట్లు

"ఇయ్యాల ఏం ముచ్చట్లు?" పీట మీద కూర్చుంటూ అడిగాడు దశరథం. జొన్నరొట్టె తట్టుతున్న గోదావరి చెయ్యి ఆగింది.

నిజామాబాదులో ఆమె నోరు తెరిస్తే, "మొగోడు తినంగ ఏందే నీ సొద" అని కసిరేది అత్త ముత్తవ్వ. భర్త దశరథం తల కూడా ఎత్తేవాడు కాదు. పురిట్లో బిడ్డ పోయినప్పుడు సైతం, "అయిందేదో అయింది, నీళ్లు తోడు" అన్నాడు. ఖుఫియా పోలీసుగా, ఊళ్లో ఎవరికీ తెలియని సర్కారు వేగుగా, బోధనుకు బదిలీ అయ్యాకే అడగడం నేర్చుకున్నాడు. ఎవరింటికి చుట్టాలొచ్చారు, బాయికాడ ఎవరేమన్నారు. తన మాటకూ ఓ చెవి దొరికిందని గోదావరి మురిసిపోయింది. నీళ్లు చేదుతూ విన్నవన్నీ ఆయన కోసం దాచి తెచ్చేది. ఇంట్లో ఇద్దరే అయినా సాయవ్వ అన్నం వండే పెద్ద గంజు అడుక్కపోయిందని ఓనాడు నవ్వుతూ చెప్పింది. మర్నాడు సర్కారుకు ఎదురుతిరిగి సాయవ్వ ఇంట్లో దాగిన సత్యాగ్రహులనూ, వాళ్లతోపాటు ఆమె పెనిమిటినీ బేడీలు వేసి నడిపించుకుపోయారు.

"ఠాణా పెద్ద అమీన్ సాబు నా నజర్‌ను, కనిపెట్టే చూపును మెచ్చుకున్నడు. నౌకరి పెరిగి జమేదారునైన" అన్నాడు దశరథం ఆ రాత్రి. గంజు మాట ఎత్తలేదు. బాయికాడ సాయవ్వ మాత్రం ఎప్పటిలాగే, "రా అక్కా, ముందుగాల నువ్వు చేదుకో" అని జరిగింది. ఆనాటి నుంచి గోదావరికి ముద్ద దిగడం లేదు.

"నిన్నే అడుగుతున్న. ఇయ్యాల అనసూయమ్మ పసుపు కుంకుమకు పిలిచింది గద. ఆమె తమ్ముడు ఫరారైండు. ఇంట్ల ఎవలున్నరు?"

అనసూయమ్మ ఇంటి లోపలి అర్రలో, చాప మీద, జ్వరంతో మూలుగుతున్న పిల్లగాడు గోదావరి కళ్లముందు మెదిలాడు. తన కాళ్లకు పసుపు రాస్తూ అనసూయమ్మ అప్పుడు గుసగుసగా అన్నది: "మా తమ్ముడు, వదినా. నువ్వు ఎవ్వలకు చెప్పవని ఎరుకే."

"నా ఒడిల కొబ్బరికాయ పెట్టింది" అన్నది గోదావరి మెల్లగా. "మన బిడ్డ యాదికొచ్చింది. బతికుంటే ఈపాటికి..."

"అది గాదే. ఎవలున్నరు?"

రొట్టెను పెంక మీద తిప్పింది. "ఎవ్వలు లేరు."

దశరథం తేరిపార చూశాడు. ముఖం చూసి అబద్ధం పట్టేస్తాడని ఠాణాలో ఆయనకు పెద్ద పేరు. కానీ ఈ ముఖాన్ని ఆయన ఇంతవరకు చూసిందే లేదు. ఏమీ పట్టలేక రొట్టె తుంచుకున్నాడు.