మూల గడిలో ఇంటిపేరు

పొద్దున్నే ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. వెనక నిలబడి మెల్లగా అన్నారు: "అంకె నేనే తప్పు వేశానని విచారణలో చెప్పేయ్. కాగితం మీద ఉన్నది ఇంటిపేరేగా, ఇద్దరిదీ ఒకటే."

వారం కిందట కొత్త నీళ్ల ట్యాంకు గోడ నిలువునా పగిలింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని కట్టించిన ఆఫీసులో మావారు ఇంజినీరు, లెక్కలు ఆయనవి. నేను అక్కడే డ్రాయింగులు గీస్తాను. మా దగ్గర పద్ధతేమిటంటే, డ్రాయింగు మూల గడిలో ఇంటిపేరు ఒక్కటే రాస్తారు. ట్యాంకు గోడ మందం తక్కువేమోనని గీసేటప్పుడే ఆయన్ని అడిగాను. "నువ్వు గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో, చాలు" అన్నారు. ఆ లెక్క కాగితం ఇప్పుడు కనపడటం లేదట.

పోనీ అదేమన్నా అరుదైన పేరా! మా ఆఫీసులోనే ఐదుగురం ఉన్నాం. ఒకరు పొడుగాయన, ఒకరు స్టోర్సాయన, ఇంకొకరు బట్టతలాయన, మావారు ఇంజినీరుగారు, నేను ఉత్త 'ఆవిడ'. అత్తగారి ప్రకారం ఆ పేరుకి అర్థం కోట తాళాలు కాపాడినవాళ్లని. మామగారు పొలాలు కొలిచినవాళ్లం అంటారు. మా గుమాస్తా మాత్రం "బరువులు మోసినవాళ్లండీ" అని నవ్వాడు. నాకు అతని మాటే నమ్మబుద్ధేసింది. కూర మాడితే అది నా పుట్టింటి పెంపకం, జీతం పెరిగితే మాత్రం ఆ పేరు చలవ. నడక వంతెన ఆలోచన మొదటినుంచి చివరిదాకా నాది. సభలో ఇంటిపేరు చదివారు, ఆయన లేచి వెళ్లి బహుమతి అందుకున్నారు. నేను చప్పట్లు కొట్టాను, గట్టిగానే. ఆ మంట ఇంకా ఆరలేదు.

గుమ్మం దగ్గర అత్తగారు ఆపారు. "అమ్మాయ్, వాడికి ప్రమోషన్ దగ్గర్లో ఉంది. నీ ఉద్యోగం పోతే మాత్రం ఇంట్లో పనేమన్నా తక్కువా? మన పేరుకి మచ్చ రానివ్వకు."

పన్నెండేళ్ల ఉద్యోగం. అయినా సరేనన్నాను. నిజంగానే సరేననుకున్నాను.

విచారణకొచ్చిన పెద్ద ఇంజినీరు నెమ్మదస్తుడే. ఆయన పక్కన మావారు కాఫీ తాగుతూ కూర్చున్నారు.

"భయపడకమ్మా. డ్రాయింగు మీద అంకె వేయడంలో పొరపాటైతే ఈ ఒక్క కాగితంతో పోతుంది. దీంతోపాటు కట్టిన మిగతా రెండు ట్యాంకులూ ఇంకా పెద్దవి, వాటి డ్రాయింగులు వేరేవాళ్లు గీశారు. రేపే నీళ్లు నింపేస్తాం. లెక్కే తప్పయితే మూడూ ఆపాలి."

ఆ రెండింటికీ లెక్క వేసింది మావారే. అదే పద్ధతిలో వేశారు. ఒకదాని పక్కనే పనివాళ్ల ఇళ్లున్నాయి. ఆయనవైపు చూశాను. నన్ను చూడకుండా కప్పులోకి చూసుకుంటున్నారు. అంటే తెలుసు. తెలిసే పొద్దున నన్నడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నింపకండి సార్," అన్నాను. "లెక్కే తప్పు."

మావారు కప్పు కింద పెట్టారు. "ఆవిడకేం తెలుసండీ..."

పెద్ద ఇంజినీరు ఆయన్ని ఆగమన్నట్టు చెయ్యెత్తి, కలం తీశారు. "మరి గడిలో ఉన్న పేరు ఎవరిదమ్మా?"

"ఇద్దరిదీ సార్. లెక్క తప్పు వేసింది ఆయన. అనుమానం ఉండీ నోరు మూసుకుని గీసింది నేను. రెండూ విడివిడిగా రాసుకోండి."