కడగని చెయ్యి

నర్సింహమ్మకు తిండి మీద ఎంత ప్రేమో దేవుడి మీద అంత భయం. ఈ రెండూ ఒకే రోజున ఎదురుపడడం ఆమె ఖర్మ.

కొడుకు శివకుమార్ గడ్డపోతారం మందుల కంపెనీలో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నలిగాడు. వాడు పర్మినెంట్ అయితే పదకొండు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని ఆమె వెంకన్నకు మొక్కుకుంది. ఒక్కపొద్దంటే రోజంతటికీ ఒక్కసారే తినడం. తిని చెయ్యి కడిగితే ఆ రోజుకు అంతే, మళ్లీ మెతుకు ముట్టకూడదు. తప్పితే మొక్కు మొదటికొస్తుంది. వాడు పర్మినెంట్ అయ్యాడు, శనివారాలూ గడిచాయి, ఇంకొక్కటే మిగిలింది.

ఆ ఆఖరి శనివారమే శివకుమార్‌కు వీక్లీ ఆఫ్ పడింది. "అమ్మా, రేపు అందరం సిటీకి పోదాం. ఫోన్ల సూస్తవ్ గదా, ఆ హోటళ్లన్నిట్ల తినిపిస్త" అన్నాడు.

మనవరాలు హరిచందన పక్కన కూర్చుని వీడియోలు చూసి చూసి, ఏ దోశ మీద ఎంత వెన్న వేస్తారో కూడా నర్సింహమ్మకు కంఠతా వచ్చేసింది. లక్డారంలో ఊరందరికీ వండిపెట్టిన మనిషి, హోటల్లో కూర్చుని ఒకరు వడ్డిస్తే తిన్నది లేదు. రానని చెప్పడానికి నోరు రాలేదు.

భర్త కొమురయ్య మీసాల చాటున నవ్వాడు. "ఒక్క హోటల్ల తింటవ్. మిగిలిన వాట్ల మా మొఖాలు సూస్కుంట కూసుంటవ్."

ఆమెకు ఒళ్లు మండింది. మండదా మరి! తను పొద్దుగూకాక ఖాళీ కడుపుతో కూర్చున్న ప్రతి శనివారం ఈ మనిషి ఇస్నాపూర్ అడ్డా మీదికి పోయి, తిరిగొచ్చి "మిర్చి బజ్జీలు తిన్న, ఆకలైతలేదు" అంటూ ముసుగుతన్ని పడుకునేవాడు. తోడుగా పస్తుండకపోతే మానె, బజ్జీల సంగతి చెప్పకుండానైనా ఉండొచ్చుగా!

కోఠీ సందులో వెన్న దోశ వచ్చింది. అల్లం చట్నీలో ముంచి తింటుంటే ఆమెకు కళ్లు మూతలు పడ్డాయి. ఆఖరి ముక్క కాగానే కొమురయ్య కనుబొమ్మలతో కుళాయి వైపు చూపించాడు. ఆమె లేచింది, కుళాయి దాకా నడిచింది, అక్కడ ఆగిపోయింది. కడిగితేనే కదా అయిపోయినట్టు? కడగకపోతే?

చట్నీ చెయ్యి అలాగే పైకెత్తి పట్టుకుని వెనక్కి తిరిగింది. "నా తిండి ఇంకా కాలే. నడుమ జెర తొవ్వ నడుస్తున్న, గంతే."

కోడలు ప్రేమలత పకపకా నవ్వింది. శివకుమార్ పరేషాన్ అయిపోయాడు.

"దేవునికే టోపీ పెడ్తవా?" అన్నాడు కొమురయ్య.

"ఆయన నీలెక్క కాదు. ఆయనకు ఆకలి తెలుస్తది."

కొమురయ్య చెయ్యి కడుక్కొస్తానని పోయాడు. వచ్చేటప్పుడు కుడిచేతికి తువ్వాల చుట్టుకుని వచ్చాడు. భుజం గుంజుతోందట.

మెట్రో గేటు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి "చేతికేమైందమ్మా?" అని అడిగింది. "ఏం కాలే బిడ్డా, చట్నీ" అంది నర్సింహమ్మ. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక పొమ్మంది.

నాంపల్లిలో దిగారో లేదో వాన. "అత్తమ్మా, నెత్తి తడిస్తే తడువనీ, చెయ్యి దాసుకో!" అంటూ ప్రేమలత గొడుగును అత్త చేతి మీదికి వంచింది. వెనకాల కొమురయ్య కూడా తువ్వాల చుట్టిన చేతిని పొట్టకు హత్తుకుని పరుగెత్తాడు. భుజం నొప్పి పాపం ఎక్కువే ఉన్నట్టుందనుకుంది ఆమె.

ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి నోట్లో వేసుకుంది. వేళ్లకు ఇంకా అల్లం వాసన. అయినా ఇంత రుచి ఎన్నడూ ఎరగదు.

"నాయినా, నీకు బిర్యానీ చెప్పాల్నా?" అడిగాడు శివకుమార్.

"వద్దురా, మీ అమ్మ దిష్టి పెడ్తది. నాకూ గా బిస్కెట్లే చెప్పు" అంటూ కొమురయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ కూడా అయ్యాకే ఆమె ఇంటిదారి పట్టింది. ఒక బిస్కెట్ పొట్లం మాత్రం కట్టించుకుంది.

లక్డారం చేరాక, వాకిట్లో చెంబెడు నీళ్లతో చెయ్యి కడిగి వెంకన్నకు దండం పెట్టింది. మొక్కు తీరింది. గుండె తేలికైంది.

"ఏమే, చెంబు జెర గిటియ్యి."

కొమురయ్య తువ్వాల విప్పుతున్నాడు. వేళ్లకు ఎండిన అల్లం చట్నీ, గోళ్లలో బిస్కెట్ పొడి. నర్సింహమ్మ ఆ చెయ్యి పట్టుకుని చూసింది.

"నువ్వు గూడనా? మరి గా బజ్జీలు?"

"యాడి బజ్జీలే! అడ్డా మీద ఒట్టిగ కూసొని వచ్చేటోన్ని. కొడుకు నీకొక్కదానికే పుట్టిండా?"

ఆమెకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్ని శనివారాలు మనసులో తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది. ప్రేమ పొంగుకొచ్చింది. "నా ఉపాయం దొంగిలించినవ్ గదయ్యా" అంటూ కళ్లు తుడుచుకుని, నీళ్లు పొయ్యడానికి చెంబు వంచింది.

కొమురయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చూపు ఆమె చంకలోని పొట్లం మీద ఉంది.

"ఆగు. నువ్వు కడుక్కున్నవ్, నీది అయిపోయింది. నాదింకా కాలే."

నర్సింహమ్మ చెంబు దించింది. మొగుణ్ణి నోరారా తిడుతూనే పొట్లం విప్పి, ఒక్కో బిస్కెట్ అందించసాగింది.