పది వానపాములు

ఏడో బిందె కూడా ముంచి, వట్టివేరు దుబ్బుల మొదట్లో పోసింది గురవమ్మ. రాత్రి జల్లు పడింది, ఇవాళ నీళ్ళు అక్కర్లేదని ఆమెకు తెలుసు. అయినా చేతులు ఊరుకోవడం లేదు. షెడ్డులో మూడు కుండలు మూతికి గుడ్డ కట్టి ఉన్నాయి. ఒక్కోదాన్లో ఈ దొడ్డి మట్టి, పది వానపాములు. పెట్టి పద్నాలుగు రోజులైంది. ఇవాళ తిప్పేసి లెక్కపెడతారు.

"గుడ్డ విప్పి చూడొద్దు పిన్నీ," అని మరీమరీ చెప్పి వెళ్ళింది మాధురి. ఆ అమ్మాయి గుంటూరులో కాలేజీ పిల్లలకు మట్టి గురించి పాఠాలు చెబుతుంది. గురవమ్మ విప్పలేదు. చెవి మాత్రం ఆనించింది, రెండుసార్లు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి, పొడుగాటి వేళ్ళు, మోచేతుల దాకా తెల్లటి మచ్చలు. సత్తెనపల్లి శివార్లలోని ఈ షెడ్డు ఒకప్పుడు పురుగుమందుల గోడౌను. పద్దెనిమిదేళ్ళు ఇక్కడే కూర్చుని పొడిమందు పొట్లాలకెత్తింది. సాయంత్రం కింద రాలిన పొడంతా ఊడ్చి వెనక దొడ్లో పోసేది. పొయ్యమన్నారు, పోసింది. రెండో ఏడు ఆమె మేక ఆ దొడ్లో మేసివచ్చి, చీకటి పడకముందే కాళ్ళు తన్నుకుని చచ్చిపోయింది. ఆ తర్వాత అక్కడ గడ్డే మొలవలేదు.

గోడౌను మూతపడింది. స్థలం మిరపకాయల వ్యాపారి అంకమ్మరావు కొన్నాడు. మూడేళ్ళ కిందట మాధురి వచ్చి ఈ నేలను బాగుచేస్తాం, పనికి మనిషి కావాలంటే, గురవమ్మ తనంతట తానే వెళ్ళి నిలబడింది.

"ఆ పని నాకివ్వండి మేడంగారూ. అక్కడ పోసింది నేనే."

మట్టి తవ్వి లారీకెత్తితే విషం ఇంకో ఊరికి పోతుందంతే అంది మాధురి. పొలాల్లో మిగిలిన పత్తికట్టె తెచ్చి, డ్రమ్ముల్లో గాలాడకుండా కాల్చి బొగ్గు చేశారు. దాన్ని దంచి, మాగిన పేడతో కలిపి నేలంతా చల్లి తవ్వారు. బొగ్గు మందును కదలకుండా పట్టుకుంటుంది, పేడలోని సూక్ష్మజీవులు దాన్ని కొంచెం కొంచెంగా తింటాయి, వట్టివేరు మట్టిని వానకు కొట్టుకుపోనివ్వదు. మొదటి సంవత్సరం కుండల్లో పెట్టిన వానపాములు మూడోరోజుకే చచ్చాయి. పోయినేడు కుండకు నాలుగు బతికాయి. ఈసారి ల్యాబు కాగితంలో మందు సగానికి పైగా తగ్గిందని వచ్చింది. కానీ ప్రాణమున్నది దాన్లో బతకాలిగా?

తొమ్మిదింటికి మాధురి ఆటో దిగింది. వెనకే బండి మీద అంకమ్మరావు వచ్చాడు.

"ఏం గురవమ్మా, ఈసారీ చచ్చాయంటే సిమెంటు పోయించేస్తా. లారీ రేపు వచ్చిద్ది. చెప్పలేదనేవు!"

"ముందు లెక్క కానివ్వండి," అంది మాధురి.

గురవమ్మ ముక్కుకు తువ్వాలు బిగించి, మొదటి కుండ పట్టా మీద బోర్లించింది. నల్లటి మట్టి గుట్టగా పడింది. వేళ్ళతో మెల్లగా విడదీసింది. ఒకటి మెలికలు తిరిగింది. రెండు. ఐదు. ఎనిమిది. తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"పదోది లేదు," అన్నాడు అంకమ్మరావు.

"ఉంటది. ఉండండి."

కుండ అడుగున అతుక్కున్న పెళ్ళను గీకితే చుట్టుకుని పడుకున్న పదోది బయటపడింది. గోరు తగిలేసరికి చురుగ్గా పాకింది. "పది!" అని గురవమ్మ అరిచిన అరుపుకు రోడ్డు మీద ఆటోవాడు తల తిప్పి చూశాడు. రెండో కుండలోనూ పదే. మూడో కుండలో తొమ్మిదే దొరికాయి, ఎంత వెతికినా అంతే. కానీ ఆ మట్టి నలుపుతుంటే ఆమె వేళ్ళకు ఏదో తగిలింది. మిరప విత్తనం కన్నా చిన్నది, పచ్చగా, గుండ్రంగా ఉంది.

"మేడంగారూ, ఇదేంది?"

మాధురి అరచేతిలో వేసుకుని చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గుడ్డు పిన్నీ! గుడ్లు పెట్టాయి. బతకడమే కాదు, కాపరం పెట్టాయి!"

గురవమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే తువ్వాలు లాగి కంచె తీగ మీద పడేసి, గుప్పెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటు లేదు. వాన పడ్డ పొలం వాసన.

అంకమ్మరావు ఫోను తీశాడు. "ఒరేయ్, లారీ వద్దులే. అడక్కు, వద్దంటే వద్దు."

"ఇంకో రెండేళ్ళు ఇక్కడ తిండి పంట వద్దండి," అంది మాధురి. "వట్టివేరు ఉండనివ్వండి."

"ఉండనిస్తా. నీళ్ళు నేనే పెట్టిస్తా."

వినుకొండ దగ్గర ఇలాంటిదే ఇంకో గోడౌను దొడ్డి ఉంది. డ్రమ్ముల్లో బొగ్గు కాల్చడం తెలిసిన మనిషి కావాలని నెల రోజులుగా మాధురి అడుగుతోంది. ఇక్కడ సంగతి తేలనివ్వమని గురవమ్మ ఆపుతూ వచ్చింది.

"ఇయ్యాలే పోతా," అంది ఇప్పుడు, చేతులు కడుక్కుంటూ.

"భోంచేసి, నిదానంగా రేపు వెళ్ళు పిన్నీ."

"రేపెందుకు? ఇప్పుడైతే బస్సుంది. అక్కడ ఎంత పోశారో ఏమో!"

మధ్యాహ్నం బస్సుకు చేసంచితో పరుగులాంటి నడకతో వెళ్ళి, ఎక్కి, కిటికీలోంచి చెయ్యూపింది. బస్సు కనుమరుగయ్యాక మాధురి దొడ్లోకి వచ్చింది. కంచె తీగ మీద, ముక్కు ఆనినచోట రంగు వెలిసిపోయిన ఎర్రగళ్ళ తువ్వాలు గాలికి ఊగుతోంది.